గోరింట కొమ్మకు శంఖుపువ్వు

అమెరికాలో మా అమ్మమ్మ పేరు పెట్టిన మొక్క ఒకటుందని మా ఇంట్లో పుట్టిన ప్రతివాళ్ళకీ పాలు మానకముందే తెలుసు. ఆ సంగతి తెలియనివాళ్ళు మా బంధువులే కారని మా పెద్దమ్మ సుగుణమ్మ అభిప్రాయం. ఆవిడ మా అమ్మకి అక్క, రిటైరైన హిందీ టీచరు. నలుగురు కూర్చుంటే చాలు, కథ మొదలుపెట్టేస్తుంది.

ఆ కథ ఇది. తెల్లవాళ్ళు మన దేశాన్ని ఏలుతున్న రోజుల్లో, గోదావరి కాలువ గట్టున ఉన్న మా ఊళ్ళో ఒక మిషన్ ఆసుపత్రి ఉండేది. అందులో డాక్టరు అమెరికా ఆయన. అసలు పేరుకి ఎవరి నోరూ తిరగక అందరూ ఆకుల దొర అనేవాళ్ళు. వైద్యం ఆయన వృత్తి, మొక్కలు ఆయన పిచ్చి. డబ్బు ఇచ్చుకోలేనివాళ్ళ దగ్గర ఆకు ఫీజు తీసుకునేవాడు. అంటే ఆయన దగ్గర అంతవరకూ లేని మొక్కది, ఆకూ పువ్వూ రెండూ ఉన్న కొమ్మ తెచ్చివ్వాలి. దాని పేరేమిటో, దేనికి వాడతారో చెప్పాలి. ఆయన దాన్ని ఎండబెట్టి, అట్టకి అంటించి దాచుకునేవాడు.

మా పెద్దమ్మ పుట్టింది ఆ ఆసుపత్రిలోనే. ఆ కాన్పుకి మా అమ్మమ్మ రాహేలమ్మ ఇచ్చిన కొమ్మకి ఆకులు గోరింటాకుల్లా, పువ్వు నీలంగా శంఖుపువ్వులా ఉన్నాయట. దొర దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "రాహేలూ, ఇలాంటి మొక్క ఈ ప్రపంచంలో ఇంకెక్కడా లేదు" అన్నాడట. అందుకే దానికి అమ్మమ్మ పేరు పెట్టి అమెరికా పట్టుకెళ్ళాడట.

నేను డిగ్రీలో వృక్షశాస్త్రం చదివాను. గోరింటకీ శంఖుపువ్వుకీ ఏ వైపునుంచీ చుట్టరికం లేదు. ఆ ఆకూ ఈ పువ్వూ ఒకే కొమ్మకి ఎలా కుదిరాయా అన్న అనుమానం అప్పటినుంచీ ఉంది. ఇప్పుడు వర్జీనియాలో, ఆష్‌బర్న్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం, అంటే ఇతరుల తప్పులు పట్టుకుని బతకడం. అయినా ఈ ఒక్క కథ జోలికి మాత్రం ఎప్పుడూ పోలేదు.

ఈ వేసవిలో పెద్దమ్మ కళ్ళు పరీక్ష చేసిన డాక్టరు, ఎడమ కన్ను అయిపోయిందని, కుడి కన్ను కూడా మెల్లమెల్లగా అదే దారిన పోతుందని, ఆపడం తన చేతిలో లేదని చెప్పాడు. ఆ రాత్రే నాకు ఫోన్ చేసింది. ఏడవలేదు, దేవుణ్ణి తప్పుపట్టలేదు. "రూతూ, చూపు ఉన్నప్పుడే అమ్మ మొక్క చూపించవే" అంది. అంతే.

పులిహోరతో ప్రయాణం

పెద్దమ్మ న్యూజెర్సీలో, ప్లెయిన్స్‌బరోలో కూతురు వసంత దగ్గర ఉంటోంది. అక్కడి అపార్ట్‌మెంట్లలో సాయంత్రం నడిస్తే పోపు వాసనని బట్టి ఎవరిది ఏ జిల్లానో చెప్పేయొచ్చు. నేను వెళ్ళేసరికి ఆవిడ తెల్ల చీర కట్టుకుని, సంచి ఒళ్ళో పెట్టుకుని, షూ ర్యాక్ పక్కన కుర్చీలో సిద్ధంగా ఉంది. సంచిలో పులిహోర, భూతద్దం, బైబిలు, ఒక దారపు ఉండ.

"దారం ఎందుకు పెద్దమ్మా?"

"దొరగారి సమాధి అక్కడే ఉందన్నావు కదే. ఉత్త చేతుల్తో పోతామా? పూలెక్కడైనా దొరుకుతాయి, దారం దొరకద్దూ?"

దొరగారు పోగేసిన మొక్కలు పెన్సిల్వేనియాలో ఒక చిన్న కాలేజీలో ఉన్నాయి. ఆయన పుట్టిపెరిగిన ఇల్లు ఆ దగ్గరి ఊళ్ళోనే మ్యూజియం అయింది. రెండుచోట్లకీ మెయిల్ పెట్టాను, రమ్మన్నారు. వసంత మాత్రం లిఫ్ట్ దాకా వచ్చి, "అక్కా, అక్కడ ఏమీ లేకపోతే అమ్మకి నువ్వే ఏదో ఒకటి చూపించి సరిపెట్టెయ్యి. ప్లీజ్" అంది. నేను తలూపాను. హైవే ఎక్కిందాకా ఆ మాటే బుర్రలో తిరిగింది.

ఊరు దాటగానే పెద్దమ్మ పాత కీర్తన ఒకటి ఎత్తుకుంది. ఆవిడ పాడుతుంటే రెండో గొంతు కలపకుండా ఉండలేని రోగం నాకు చిన్నప్పటినుంచీ ఉంది. రెండో చరణంలో ఎగ్జిట్ మిస్ చేశాను. ఫోన్‌లోని అమ్మాయి మర్యాదగా వెనక్కి తిరగమంది. "ఆవిణ్ణి కాసేపు ఆగమను, చరణం అవ్వనీ" అంది పెద్దమ్మ.

దండెం మీద బట్టలు

లాంకాస్టర్ చుట్టుపక్కల ఆమిష్ వాళ్ళ పల్లెలు. కరెంటు వద్దు, కారు వద్దు అని గుర్రబ్బండ్లతో కాలం గడుపుకునే క్రైస్తవులు వాళ్ళు. ఇంటికీ కొట్టానికీ మధ్య పొడుగాటి దండెం, దాని మీద నీలం, ఊదా రంగు గౌన్లు వరసగా ఆరుతున్నాయి. పెద్దమ్మ కారాపించి మరీ చూసింది. ఒకసారి మా ఇంటికి వచ్చినప్పుడు ఆవిడ డెక్ మీద చీర ఆరేస్తే, బయట బట్టలు ఆరెయ్యకూడదని కాలనీ అసోసియేషన్ వాళ్ళ దగ్గర్నుంచి నాకు తాఖీదు వచ్చింది. "మరి వీళ్ళకి రాదా తాఖీదు?" అని అడిగింది. రాదన్నాను. "అయితే నువ్వూ ఇక్కడే ఇల్లు కొనుక్కోవలసింది" అంది.

రోడ్డు పక్కన చిన్న బల్ల మీద మొక్కజొన్న పొత్తులు, టమాటాలు, సీసాల్లో బీట్‌రూట్ పచ్చడి పెట్టుకుని ఒకావిడ కూర్చుంది. నడివయసు మనిషి, తలకి తెల్లటి టోపీ, గడ్డం కింద ముడి. డజను పొత్తులు ఆరు డాలర్లు. మా ఆష్‌బర్న్ షాపులో ఆ ధరకి సగం కూడా రావు. పచ్చడి రుచి చూడమని చెంచాతో పెట్టింది. పెద్దమ్మ నోట్లో పెట్టుకుని నా వైపు తిరిగి, "పచ్చట్లో ఈ పంచదారేవిటే, ఎవరైనా పొరపాటున పోశారా?" అని తెలుగులో అడిగి, ఆవిడ వైపు తిరిగి ఇంగ్లీషులో "వెరీ గుడ్" అంది.

తర్వాత తన హిందీ టీచరు ఇంగ్లీషులో, తలకి ఆ గుడ్డ ఎందుకని అడిగింది. "ప్రార్థన చేసేటప్పుడు తల కప్పుకోవాలి కదా, ఏ వేళ ప్రార్థన చేస్తామో తెలియదు కాబట్టి ఎప్పుడూ ఉంచుకుంటాం" అంది ఆమె. పెద్దమ్మ వెంటనే కొంగు తల మీదికి లాక్కుని, "మేమూ అంతే, గుళ్ళో ఇలా" అని చూపించింది. ఆమిష్ ఆవిడ లేచి నిలబడి ఆ కొంగుని ఎంతసేపో చూసింది. ఇద్దరికీ ఒకరి మాట ఒకరికి సగమే అర్థమవుతోంది. ఆ సగంతోనే బాగా కుదిరింది.

అమ్మమ్మ మొక్క కథ అక్కడా చెప్పకుండా ఎలా ఉంటుంది? చెప్పింది. అంతా విని ఆవిడ, "మేం చేసినవాటి మీద పేర్లు వేసుకోం" అంది. ఇంటి అరుగు మీద ఆరేసిన బొంత చూపించింది, రంగురంగుల గుడ్డముక్కలతో కుట్టింది. "అది మా అమ్మ కుట్టింది. పేరెందుకు? ఆ కుట్టు చూస్తే నాకు తెలిసిపోతుంది."

కారెక్కాక పెద్దమ్మ పెదవి విరిచింది. "వాళ్ళకి పేరు అక్కర్లేదేమో. మా అమ్మ పేరు ఎక్కడో ఒకచోట ఉండాలి. ఆవిడకి సంతకం కూడా రాదు కదే, వేలిముద్రే." ఆ మొక్క ఆవిడకి ఎందుకంత ముఖ్యమో నాకు అప్పుడు తెలిసింది. నా అనుమానమూ అప్పుడే గుర్తొచ్చింది.

దొరగారి వరండా

మర్నాడు దొరగారి ఇల్లు. కొండవాలులో చిన్న ఊరు, ముందు వరండా ఉన్న చెక్క ఇల్లు. తాళం తీసి చూపించేది మార్గరెట్ అనే డెబ్బై దాటిన ఆవిడ. జీతం లేని పని, ఇష్టంకొద్దీ చేస్తోంది.

దొరగారి జీవితం మార్గరెట్ నోట విన్నాం. రైతు బిడ్డ. తల్లి పెరట్లో ఆకులు కాచి ఊరివాళ్ళకి మందులిచ్చేది, ఆ ఆకుల పేర్లు పలుకుతూ పెరిగాడు. వైద్యం చదివి, పెళ్ళి చేసుకుని, భార్యతో ఓడెక్కి మన వైపు వచ్చాడు. కాలువల మీద పడవలో ఊరూరా తిరిగేవాడు. పడవలో ఒక పక్క మందుల పెట్టె, ఒక పక్క మొక్కలు అదిమే చెక్కలు. రెండో వానాకాలంలోనే భార్య జ్వరంతో పోయింది. మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు, తిరిగీ వెళ్ళలేదు. మనకి స్వాతంత్ర్యం వచ్చాక, ఒంట్లో శక్తి ఉడిగాకే ఈ ఇంటికి చేరాడు.

గాజు పెట్టెలో ఆ చెక్కలున్నాయి, తోలు పట్టీలతో. మధ్యలో పాత తెలుగు పత్రిక కాగితాలు, మొక్కల తడి పీల్చడానికి వేసినవి. పెద్దమ్మ భూతద్దం పెట్టి ఒక మూల కూడబలుక్కుని చదివింది. తలనూనె ప్రకటన. పెన్సిల్వేనియా కొండల్లో, గాజు వెనక, మన అక్షరాల్లో తలనూనె. నవ్వొచ్చింది.

మార్గరెట్ చిన్నపిల్లగా ఉన్నప్పుడు దొరగారు ముసలాయన. పిల్లలు ఆపిల్ పళ్ళు తెచ్చి ఈ వరండాలో ఆయన ఒళ్ళో పోసేవాళ్ళట. "ఆయన చెయ్యి అడ్డం పెట్టి ఒక మాట అనేవాడు, చాలు చాలు అని. అది ఏదో ఇండియా మొక్క పేరని ఇన్నేళ్ళుగా అనుకుంటున్నాను" అంది. పెద్దమ్మ అర్థం చెప్పింది. మార్గరెట్ ఆ మాట తనలో తను రెండుమూడుసార్లు అనుకుంది.

తర్వాత ఆవిడ మమ్మల్ని ఒకటే అడిగింది. "అక్కడ ఆయన భార్య సమాధి ఉండాలి. ఇంకా ఉందా?"

"ఉంది" అంది పెద్దమ్మ. "ఈస్టరు తెల్లవారుజామున మేమంతా సమాధుల తోటకి వెళ్తాం. మా వాళ్ళ సమాధులకి సున్నం వేసి, కొవ్వొత్తులు వెలిగిస్తాం. ఆ దొరసానికి ఎవరూ లేరు కదా అని ప్రతివాళ్ళూ ఆవిడ దగ్గర కూడా ఒకటి వెలిగిస్తారు. అందుకని అన్నిటికంటే ఎక్కువ వెలుగు ఆవిడదే. మా అమ్మ ఉన్నన్నాళ్ళూ దండ కూడా వేసేది."

నేను ఇంగ్లీషులో చెప్పడం పూర్తిచేసేసరికి మార్గరెట్ కళ్ళజోడు తీసి తుడుచుకుంటోంది.

దొరగారి సమాధి చర్చి వెనక ఉంది, సాదా రాయి. రోడ్డు పక్కన కోసిన నీలం అడవిపూలు ఒళ్ళో పోసుకుని పెద్దమ్మ గడ్డిలో కూలబడి దండ కట్టింది. మా అమ్మమ్మది పూలు కట్టి అమ్మే ఇల్లు. ఆవిడది ఎడమచేతి వాటం. అందరి దండల్లోనూ ముడి కుడికి తిరిగితే ఆవిడది ఎడమకి తిరిగేది. అత్తగారు అపశకునమని సాధించేదట. పెద్దమ్మ కుడిచేతి మనిషే అయినా తల్లి పక్కన కూర్చుని నేర్చుకుంది కాబట్టి ఆవిడ ముడీ ఎడమకే. మా ఇంట్లో ఇక ఎవరికీ రాదు. నాకసలు పూలు కట్టడమే రాదు. రాయికి వెయ్యగా మిగిలిన జానెడు దండ పెద్దమ్మ సంచిలో వేసుకుంది.

బీరువాల గది

మూడోరోజు కాలేజీకి వెళ్ళాం. మొక్కల గది నేలమాళిగలో ఉంది. వరసగా ఇనప బీరువాలు, కలరా ఉండల వాసన. దాన్ని చూసుకునే డేనియల్ గడ్డం ఉన్న నలభై ఏళ్ళ మనిషి, మెత్తగా మాట్లాడతాడు. పాతకాలంలో పురుగు పట్టకుండా అట్టలకి విషం పూసేవారని, దేన్నీ ముట్టుకోవద్దని ముందే చెప్పాడు.

రాహేలమ్మ పేరు మీద మొక్క కావాలన్నాను. కంప్యూటర్‌లో వెతికాడు. లేదు.

"మళ్ళీ చూడమనవే. స్పెల్లింగ్ తప్పు కొట్టాడేమో" అంది పెద్దమ్మ.

నాలుగు రకాలుగా కొట్టించాం. దొరగారి మొక్కల్లో మనిషి పేరు పెట్టింది ఒక్కటీ లేదు. పెద్దమ్మ ఒప్పుకోలేదు. మొక్క ఎలా ఉంటుందో చెప్పింది, గోరింటాకుల్లాంటి ఆకు, నీలం శంఖుపువ్వు. అది వినగానే డేనియల్ నా ముఖంలోకి చూశాడు. నేను తల తిప్పుకున్నాను. అతను వెళ్ళి ఆఖరి బీరువాలోంచి లావుపాటి ఫోల్డర్ తెచ్చాడు.

"డాక్టర్ వీటిని విడిగా దాచుకున్నారు. లేని మొక్కలు. కొత్త విద్యార్థులకి మొదటి రోజు చూపిస్తాం, బాగా నవ్వుకుంటారు" అని, ఆ ఆఖరి మాట ఎందుకన్నానా అన్నట్టు ఆగిపోయాడు.

ఒక్కొక్కటీ తీశాడు. చింతకొమ్మకి గంజితో అంటించిన తంగేడు పువ్వు. జామాకుకి తుమ్మముల్లుతో గుచ్చిన గన్నేరు. నాలుగేళ్ళు గడిచేసరికి ఊళ్ళో మొక్కలన్నీ దొరగారి దగ్గరికి చేరిపోయి ఉంటాయి. కొత్తది ఎక్కణ్ణుంచి తెస్తారు పాపం? ఆకు ఒకచోటా పువ్వు ఒకచోటా కోసి కొత్త మొక్కలు పుట్టించారు. దొరగారు అన్నీ తీసుకున్నాడు, అన్నిటి కిందా ఒకే మాట రాశాడు: ఫీజు ముట్టింది.

ఆరోదో ఏడోదో అట్ట మీద గోరింట కొమ్మ ఉంది. చివర రంగు వెలిసిన నీలంతో శంఖుపువ్వు. కింద దొరగారి గుండ్రటి ఇంగ్లీషు అక్షరాలు. నేను తెలుగులో చదివాను. "ఆడపిల్ల. తల్లి క్షేమం. ఫీజు ముట్టింది." పేరు లేదు.

పెద్దమ్మ ముఖం గట్టిపడింది. "ఇది కాదు" అంది. "ఇదెవరో మోసం చేశారు. ఆ ఆసుపత్రిలో ఎంతమందికి ఆడపిల్లలు పుట్టలేదు? మా అమ్మది నిజం మొక్క."

వసంత చెప్పినట్టు సరిపెట్టెయ్యడానికి అదే అదను. అవును పెద్దమ్మా, ఇది ఎవరిదో, అమ్మమ్మదెక్కడో పోయింది అంటే సరిపోయేది. నోరు తెరవబోయాను. ఈలోపు ఆవిడే అంది.

"పువ్వు దేనితో కట్టారు?"

భూతద్దంలో చూశాను. "అరటినార."

"ముడి ఎటు తిరిగింది?"

ఆ ప్రశ్నతో ఆవిడ తన దారి తనే మూసేసుకుంటోందని ఆవిడకీ తెలుసు. టీచరు కదా, జవాబు కావాలి. డేనియల్‌కి చెప్పాను. అతను అట్టని కెమెరా కింద పెట్టి, ముడిని గోడ మీది పెద్ద స్క్రీన్ మీదికి తెచ్చాడు. మొలతాడంత లావున కనిపించింది నార. పెద్దమ్మ లేచి, కుడి కన్ను స్క్రీన్‌కి తగిలేంత దగ్గరగా పెట్టింది. సంచిలోంచి నిన్నటి జానెడు దండ తీసి దాని పక్కన పట్టుకుంది. నార కింద నుంచి వచ్చి, కాడ చుట్టూ తిరిగి, తన మీదుగా ఎడమకి పడింది. దండలోనూ అంతే.

పెద్దమ్మ స్క్రీన్ మీద ఆ ముడిని వేలితో తడుముతోంది, అద్దం తప్ప చేతికేం తగలదని తెలిసినా.

"నాన్న బియ్యం పడవ మీద ఊరెళ్ళాడు అప్పుడు" అంది చివరికి. "ఒక్కతే ఉంది. పచ్చి బాలింతరాలు, మంచం దిగి గట్లెంట ఏం తిరుగుద్ది? ఆసుపత్రి కిటికీ పక్కనే గోరింట కంచె. దాని మీదికి పాకిన శంఖు తీగ. నేనెరుగుదును కదా ఆ కంచె. నార ఎప్పుడూ కొంగున ఉండేది." దండ సంచిలో వేసుకుంటూ అంది. "ఫీజివ్వకుండా పోవడం నామోషీ అనుకుంది. చూడవే రూతూ, నన్ను ఊరికే తీసుకుపోలేదు."

అప్పుడు ఏడ్చింది. నాకూ ఆగలేదు. డేనియల్ టిష్యూ పెట్టె తెచ్చి మా మధ్య పెట్టి, బీరువా ఏదో సర్దుకుంటున్నట్టు అటు తిరిగాడు.

"దొరగారికి తెలిసిపోయింది పెద్దమ్మా" అన్నాను.

"తెలియకేం? చూడగానే తెలుసుంటాది. ప్రపంచంలో ఇంకెక్కడా లేదన్నాడు. అందులో అబద్ధమేముంది?" అని, ఏడుపులోనే కిసుక్కున నవ్వింది.

వెళ్ళేముందు డేనియల్, ఆ అట్ట మీద ఒక చీటీ అంటించవచ్చా అని అడిగాడు. పేరు అడిగి, అక్షరం అక్షరం చెప్పించుకుని రాశాడు. కట్టినవారు: రాహేలమ్మ. పెద్దమ్మ కన్ను ఆనించి చదువుకుని, బాగుందన్నట్టు తలూపింది.

మళ్ళీ ప్లెయిన్స్‌బరో

ఆదివారం తెలుగు ఆరాధన అయ్యాక హాల్లో భోజనాలు. పెద్దమ్మ పెన్సిల్వేనియా వెళ్ళొచ్చిందని అందరికీ తెలుసు. పప్పు గిన్నె దగ్గరే ఒకమ్మాయి అడిగేసింది. "ఆంటీ, చూశారా మీ అమ్మగారి మొక్క?"

"చూశానమ్మా. అలాంటి మొక్క లేదు" అంది పెద్దమ్మ.

వసంత నన్ను చంపేసేలా చూసింది.

"నా కాన్పు ఫీజు కింద మా అమ్మ దొరగార్ని మోసం చేసింది. ఆయన తెలిసే మోసపోయాడు" అని మొదలుపెట్టి కథంతా చెప్పింది. ఎన్నో ఏళ్ళుగా చెబుతున్న కథే, ఈసారి మాత్రం కంచె ఉంది, కొంగున నార ఉంది, ముడి ఉంది. అందరూ నవ్వారు. అందరికంటే ముందు ఆవిడే నవ్వింది.

ఆ సాయంత్రం ఎవరి పాపకో ప్రతిష్ఠ ప్రార్థన, పసిబిడ్డని దేవుడికి అప్పగించేది. ఆడవాళ్ళు బాల్కనీ కుండీల్లో పూసిన మల్లెమొగ్గలు తెచ్చారు. పెద్దమ్మ పళ్ళెం ముందు కూర్చుని, చేతులవైపు చూడకుండా, కబుర్లు చెబుతూ కట్టుకుపోతోంది. నేను వెళ్ళి ఎదురుగా కూర్చోబోయాను.

"ఎదురుగా కాదే, పక్కకి రా. ఎదురుగా కూర్చుంటే తిరగబడిపోద్ది" అంది. "నాకు చూపు ఉన్నప్పుడే నీ ముడి చూడాలి."

దారం చేతికిచ్చింది. మొదటి ముడి జారి మొగ్గలు ఒళ్ళో పడ్డాయి. రెండోదీ జారింది. మూడోది నిలిచింది. పెద్దమ్మ దాన్ని కుడి కంటికి ఆనించుకుని చూసింది. తర్వాత కళ్ళు రెండూ మూసుకుని వేలితో తడిమింది.

"ఎడమకే తిరిగింది" అంది. "మనదే."